ముందు మేళం, వెనక నీళ్ళ ట్యాంకరు

బ్యాండు మాస్టారికి వెనక్కి తిరిగి చూసే అలవాటు లేదు. ఇదేదో వేదాంతం అనుకునేరు, కాదు. నిజంగానే మెడ తిప్పరు. ఊరేగింపులో మేళంవాడు ముందు నడవాలి, పెళ్ళికొడుకైనా నాయకుడైనా వాడి వెనకే రావాలి. ముందు నడిచేవాడు మాటిమాటికీ వెనక్కి చూస్తుంటే, వెనక వచ్చేవాడికి ‘ఏమిటీయన, నేను పారిపోతాననుకుంటున్నాడా’ అని అనుమానం పుడుతుంది. ఇది మాస్టారి సిద్ధాంతం. ఆ సిద్ధాంతాన్ని ఆయన తన బృందానికి చట్టం చేసి పెట్టారు. నడకలో ఎవడు తల వెనక్కి తిప్పితే వాడు ఆ రోజు అందరికీ టీ తాగించాలి, బిస్కెట్లతో సహా.

చట్టం ఘనంగానే ఉంది కానీ దాన్ని పాటించే జనమే తరిగిపోయారు. ఒకప్పుడు వీధి ఈ చివర ట్రంపెట్లుంటే ఆ చివర పెద్ద డ్రమ్ము ఉండేదట. ఇప్పుడు సౌండు బాక్సుల వ్యాన్లు వచ్చాయి. ఒక్క మీట నొక్కితే పక్క వీధిలో కిటికీ అద్దాలు కూడా గజగజలాడతాయి. వాటికి ఎండ తగలదు, గొంతు ఎండదు, అన్నం పెట్టక్కర్లేదు. దాంతో క్లారినెట్ ఆయన లిఫ్టు ఆపరేటరుగా చేరిపోయాడు. సాక్సాఫోన్ ఆయన మోకాళ్ళు అరిగిపోయి మానేశాడు. మిగిలినవాళ్ళు రెండు వరసలకి వచ్చారు, రెండో వరసలో మాస్టారి బావమరిదీ, ఆయన పొట్టా, ఆ పొట్ట మీద పెద్ద డ్రమ్మూ ఉంటాయి. ఇంకొకరికి చోటు ఉండదు.

ఇక ఇంట్లో పరిస్థితి చెప్పనే అక్కర్లేదు. మంచం కింద ట్రంపెట్లు, బీరువా మీద సైడ్ డ్రమ్ములు, తలుపు వెనక ఎర్ర కోట్లు. స్నానాల గదికి వెళ్ళాలంటే పెద్ద డ్రమ్మును దొర్లించి దారి చేసుకోవాలి. కోట్లకి ఊడిపోయిన జరీ పట్టీలు కుట్టీ కుట్టీ మాస్టారి భార్యకి కళ్ళజోడు వచ్చింది.

“ఏమండీ, పిల్లలు పుట్టారు, పెరిగారు, వాళ్ళ కాపురాలకి వాళ్ళు పోయారు. ఈ డ్రమ్ము మాత్రం నా నెత్తినే ఉండిపోయింది. ఇంకెన్నాళ్ళు?” అంది ఆవిడ ఒకరోజు.

“ఎన్నికలొస్తున్నాయి కదే. గెలిచినవాళ్ళకి మేళం కావాలి కదా,” అన్నారు మాస్టారు.

“సరే, అదీ చూద్దాం. ఫలితాల రోజున మీ వాయింపు చూసి ఒక్కరైనా మా ఇంటికి రండి అని పిలిస్తే సరే సరి. లేదంటే మర్నాడు పొద్దున్నే పాత ఇత్తడి కొనేవాణ్ణి రమ్మంటాను. అప్పుడు మీరు నోరెత్తకూడదు.”

“అలాగే,” అన్నారు మాస్టారు. ఆ మాట అన్నారే గానీ ఆ పూట అన్నం సహించలేదు. తను వాయించే ట్రంపెట్ తండ్రి చేతుల్లోంచి తీసుకున్నది. దాన్ని తూకానికి వెయ్యడమంటే ఆయనకి ఎవరినో మనిషిని తూకానికి వేసినట్టుంది.

అసెంబ్లీ ఎన్నికలు రానే వచ్చాయి. ఆ నియోజకవర్గంలో అసలు పోటీ ఇద్దరి మధ్య. ఒకరు నూనెమిల్లు యజమాని, ఇంకొకరు లాయరమ్మ. వీళ్ళు కాక గొడుగు గుర్తనీ, దువ్వెన గుర్తనీ, గాలిపంపు గుర్తనీ ఇంకా బోలెడుమంది నిలబడ్డారు. వాళ్ళ సంగతి వాళ్ళ ఇంట్లోవాళ్ళకే సరిగా తెలియదు. ఫలితాలకి ఇంకా రెండ్రోజులుందనగా లాయరమ్మ తరఫు ఏజెంటు మాస్టారింటికి వచ్చి కూర్చున్నాడు.

“మాస్టారూ, మన ఊరేగింపుకి మీరు వాయించాలి. సౌండు వ్యాన్లన్నీ మిల్లాయన ముందే మాట్లాడేసుకున్నాడు. ఇంకెవరూ దొరక్క మీ దగ్గరికొచ్చాం,” అన్నాడు.

మనిషన్నవాడు లోపల ఏమున్నా పైకి కాస్త తీపి పూసి చెబుతాడు. ఇతనికి ఆ మాత్రం ఇంగితం కూడా లేకపోయింది. అయినా మాస్టారికి ఆ మాటలు నెత్తిన పాలు పోసినట్టే ఉన్నాయి. వంటింటి వైపు చూసి మీసం సవరించుకున్నారు.

లెక్కింపు కాలేజీ భవనంలో పెట్టారు. గేటుకి ఎదురుగా ఎర్ర కోట్లు తొడుక్కుని మాస్టారి బృందం పొద్దున్నుంచీ నిలబడింది. ఒక్కో రౌండు అయ్యేకొద్దీ మైకులో అంకెలు చెబుతున్నారు. లాయరమ్మ ముందుందనగానే జనం కేకలు, బావమరిది డ్రమ్ము మీద ఒక్క దెబ్బ. మిల్లాయన కాస్త పుంజుకుంటే ఇటు పక్క చావు కళ. మధ్యాహ్నం తిరిగేసరికి లాయరమ్మ చాలా ముందుకు వెళ్ళిపోయింది. ఇంకొక్క రౌండు మిగిలింది.

ఏజెంటుకి ఆగడం చేతకాలేదు. “ఇంకా చూస్తారేంటి? కదలండి మాస్టారూ! అమ్మగారు సర్టిఫికెట్ తీసుకుని వెనకే జీపులో వచ్చి కలుస్తారు. మనం ఇంటిదాకా ఊరేగింపు తీసుకుపోదాం.”

“ఆఖరి రౌండు అవ్వలేదు కదా బాబూ,” అన్నారు మాస్టారు.

“ఆకాశం విరిగి పడినా మనదే. వాయించండి!”

ఆలూ లేదు చూలూ లేదు, కొడుకు పేరు సోమలింగం అని ఊరికే అనలేదు పెద్దలు. కానీ వాయించమన్నవాడు పెద్దమనిషి, వాయించేవాడు పనిమంతుడు, మధ్యలో సామెత ఎవడికి గుర్తొస్తుంది? మాస్టారు ట్రంపెట్ ఎత్తారు. వెనక జెండాలు లేచాయి, కండువాలు ఎగిరాయి, టపాకాయలు పేలాయి. వీధి వీధంతా హోరెత్తిపోయింది.

మార్కెట్ కూడలి దగ్గర జరిగింది మాస్టారికి తెలియదు, మనం చెప్పుకుంటే తప్పులేదు. ఆఖరి రౌండులో తెరిచినవన్నీ మిల్లు చుట్టుపక్కల పెట్టెలు. మిల్లులో పనిచేసేవాళ్ళు, వాళ్ళ అత్తలు, మామలు, బావలు, మరదళ్ళు, అందరూ కట్టగట్టుకుని ఒకే మీట నొక్కారు. లాయరమ్మ ఆధిక్యం ఎండలో పెట్టిన ఐసుగడ్డలా కరిగిపోయి, చివరికి కాస్త తేడాతో మిల్లాయన గెలిచేశాడు. ఊరేగింపులో ముందు ఒకడి ఫోను మోగింది. తర్వాత పక్కవాడిది. చెప్పు తెగిందని ఒకడు వంగాడు, మళ్ళీ లేవలేదు. ఇంకొకడు తలనొప్పి మాత్ర కొనుక్కుంటానని మందుల షాపులోకి దూరి అటు పక్క తలుపులోంచి పోయాడు. కండువాలు జేబుల్లోకి వెళ్ళిపోయాయి. జెండా కర్రలు గోడలకి ఆనుకుని నిలబడ్డాయి. ఏజెంటు సంగతి అడగొద్దు, అందరికంటే ముందు మాయమైంది ఆయనే. జీపు అసలు బయల్దేరనే లేదు. లాయరమ్మ కాలేజీ వెనక గేటులోంచి కారులో ఇంటికి వెళ్ళిపోయింది.

ఇక ఊరేగింపులో మిగిలింది రెండు. ముందు మాస్టారి మేళం, వెనక ఇరుకు రోడ్డులో దాటడానికి సందు దొరకని ఒక నీళ్ళ ట్యాంకరు.

కేకలు ఆగిపోయాయని మాస్టారు గమనించకపోలేదు. గమనించారు. గమనించి ఏమనుకున్నారంటే, తన ట్రంపెట్ వినడానికి జనం నోళ్ళు మూసుకున్నారని! ఇన్నేళ్ళలో ఎప్పుడూ జరగని వింత. ఆయనకి ఒళ్ళు పులకరించింది. మేడల మీద జనం నిలబడి నవ్వుతున్నారు, ఫోన్లతో వీడియోలు తీస్తున్నారు. ఒక దర్జీ కొలతల టేపు మెడలో వేసుకునే బయటికి వచ్చి పొట్ట పట్టుకుని నవ్వుతున్నాడు. ‘చూడండిరా, ఆనందం పట్టలేకపోతున్నారు’ అనుకున్నారు మాస్టారు. వెనక ట్యాంకరు హారన్ కొడుతుంటే, బావమరిది కొత్త తాళమేదో కనిపెట్టాడని మెచ్చుకున్నారు. చెప్పొద్దూ, ఆ రోజు వాయించినట్టు ఆయన జన్మలో వాయించలేదు.

లాయరమ్మ ఇంటి గేటు దగ్గర ప్లాస్టిక్ కుర్చీలు ఒకదాని మీద ఒకటి పేర్చి ఉన్నాయి. వచ్చే జనానికని వండించిన వంట మూతలు తియ్యకుండానే చల్లారిపోతోంది. వరండాలో లాయరమ్మ గోరువెచ్చని నీళ్ళ టబ్బులో కాళ్ళు పెట్టుకుని కూర్చుంది. ప్రచారానికి తిరిగి తిరిగి పాదాలు బొబ్బలెక్కి ఉన్నాయి. మేళం వినపడగానే ఆవిడ భర్త, బ్యాంకు ఉద్యోగి, ఒక కాలికి తన చెప్పూ ఇంకో కాలికి భార్య చెప్పూ వేసుకుని గేటు దగ్గరికి పరుగెత్తాడు.

“మళ్ళీ లెక్కపెట్టారేమోనే! గెలిచామేమోనే!” అని అరిచాడు.

మాస్టారు గేటు ముందు ఆగి, ట్రంపెట్ దించి, వంగి దణ్ణం పెట్టారు. “శుభాకాంక్షలమ్మా!”

లాయరమ్మ మొహం కందగడ్డయింది. “ఎవరు పంపించారు మిమ్మల్ని? మిల్లాయనా? ఓడించింది చాలక ఇంటి ముందుకొచ్చి ఎగతాళి కూడానా?”

“అయ్యో, ఎగతాళేంటమ్మా! మీ విజయోత్సవం కదా! ఇదిగో, మీ వాళ్ళంతా...” అంటూ మాస్టారు మొదటిసారి వెనక్కి తిరిగారు.

వీధి ఖాళీ. నీళ్ళ ట్యాంకరు ఒక్కటే బుసబుసమంటూ నిలబడి ఉంది. డ్రైవరు కిటికీలోంచి తల బయట పెట్టాడు. “అయిపోయిందా మాస్టారూ? మార్కెట్ దగ్గర్నుంచీ హారన్ కొట్టీ కొట్టీ నా వేలు నొప్పెట్టింది. ఈ వీధిలో ఆడవాళ్ళు నీళ్ళు రాలేదని నన్ను కాల్చుకు తింటున్నారు!”

“ఒరేయ్, నువ్వు ఆఖరి వరసలో ఉన్నావు కదరా. జనం లేరని నీకు తెలియలేదా?” అన్నారు బావమరిదితో.

బావమరిది డ్రమ్ము వెనక దాక్కోవడానికి చూశాడు. “మార్కెట్ దగ్గరే అనుమానం వచ్చింది బావా.”

“మరి చెప్పి చావలేదేం?”

“తల తిప్పి చూస్తేనే కదా ఖాయంగా తెలిసేది. తిప్పితే అందరికీ టీ నేనే పొయ్యాలి. పైగా బిస్కెట్లు.”

ఆ మాట వినగానే లాయరమ్మ నవ్వడం మొదలుపెట్టింది. టబ్బులో నీళ్ళు చింది కిందపడేలా నవ్వింది. మాస్టారు సిగ్గుతో చచ్చిపోతూ, “క్షమించండమ్మా, వెళ్ళిపోతాం,” అన్నారు.

“ఆగండి,” అంది ఆవిడ. నవ్వు ఎక్కడ ఆగిందో తెలియదు గానీ కింది పెదవి వణుకుతోంది. గేటు దగ్గరికి తడికాళ్ళతోనే వచ్చి గొంతు తగ్గించింది. “మాస్టారూ, నాకో సాయం చేస్తారా? ఇన్నాళ్ళూ కనపడిన ప్రతి మనిషికీ నవ్వి నవ్వి దవడలు పట్టేశాయి. ఇప్పుడు నాకు ఏడుపొస్తోంది. ఏడుద్దామంటే ఫోన్లో అందరూ ధైర్యంగా ఉండండి మేడమ్ అంటారు. అటు పక్కింటివాళ్ళూ ఇటు పక్కింటివాళ్ళూ గోడలకి చెవులు పెట్టుకుని కూర్చున్నారు. మీరు గట్టిగా వాయించండి. నేను లోపలికి వెళ్ళి కాసేపు ఏడ్చుకుంటాను.”

మాస్టారు తన వృత్తిలో ఇలాంటి కోరిక వినలేదు. అయినా పనివాడు పనివాడిలాగే అడిగారు. “ఎంతసేపు వాయించమంటారమ్మా?”

“ఎంతసేపు ఏడుస్తానో నాకేం తెలుసు? బయటికొచ్చేదాకా వాయించండి.”

వాయించారు. నిలబడి వాయించడం వాళ్ళకి అలవాటు లేదు. కాళ్ళు ఊరుకోక ఉన్నచోటే కవాతు చేశాయి. పెళ్ళి పాటలు అయిపోయాయి, సినిమా పాటలు అయిపోయాయి, స్కూలు పిల్లల డ్రిల్లు పాట కూడా అయిపోయింది. ఊరేగింపుల్లో ఏ పాటా చివరిదాకా వాయించనిచ్చినవాడు లేడు. సగంలోనే టపాకాయలు పేలుస్తారు, లేకపోతే ఇది కాదు ఇంకోటి అంటారు. ఈ రోజు చివరిదాకా వెళితే, చాలా పాటలకి చివరలు ఎలా ఉంటాయో బృందానికి గుర్తే లేదు. మాస్టారు అప్పటికప్పుడు అల్లుకుంటూ పోయారు. కాసేపు బయటే తచ్చాడిన భర్త, “నేను కూడా...” అని ఏదో గొణిగి లోపలికి వెళ్ళి తలుపేసుకున్నాడు. మాస్టారు కళ్ళతో సైగ చేశారు, బావమరిది ఇద్దరికి సరిపడా డ్రమ్ము బాదాడు.

లాయరమ్మ మొహం కడుక్కుని బయటికి వచ్చేసరికి మాస్టారి పెదాలు వాచిపోయాయి. “హమ్మయ్య! ప్రాణం తేలికపడింది,” అంది ఆవిడ. చల్లారిన వంటంతా బృందానికీ ట్యాంకరు డ్రైవరుకీ దగ్గరుండి వడ్డించింది. పక్కింటావిడ గోడ మీద నుంచి చూసి ముక్కున వేలేసుకుంది. “ఓడిపోయి కూడా మేళం పెట్టించుకుందంటే, ఏం గుండె ధైర్యమండీ ఆవిడది!”

కడుపు నిండింది కానీ మాస్టారి మనసు కుదుటపడలేదు. ఇంటికొచ్చి జరిగిందంతా చెబితే భార్య నెత్తి బాదుకుంది.

“గెలిచినవాళ్ళ ముందు నడిచి పేరు తెచ్చుకోండయ్యా అంటే, ఓడినవాళ్ళింటి ముందు నిలబడి వాయించొచ్చారా? ఊరంతా మీ వీడియోలే! వెనక ట్యాంకరు కూడా పడింది! ఇక చాల్లెండి. పొద్దున్నే వాడొస్తాడు.”

మాస్టారు నోరెత్తలేదు. మాటిచ్చారు కదా. మంచం మీద కూర్చుని ట్రంపెట్‌ని ఒళ్ళో పెట్టుకుని తుడవడం మొదలుపెట్టారు. తండ్రి పళ్ళగాటు పడిన చోట గుడ్డ ఆగిపోయింది. దుఃఖం ముంచుకొచ్చింది. ఇంత వయసొచ్చి భార్య వినేలా ఏడవడమేమిటని కండువా నోట్లో కుక్కుకున్నారు. అయినా ఆగలేదు. అంతలో వంటింట్లో మిక్సీ మోగింది. ఎంతసేపటికీ ఆగకుండా మోగుతూనే ఉంది. మాస్టారు కండువా తీసేసి బావురుమన్నారు. మిక్సీ జారులో ఏమీ లేదు. దాని పక్కన ఆవిడ కూడా కొంగుతో కళ్ళు ఒత్తుకుంటూ నిలబడింది.

పొద్దున్నే ఇత్తడి కొనే ఆయన తక్కెడ పట్టుకుని వచ్చాడు. ట్రంపెట్‌ని వేలితో టకటకా కొట్టి చూసి, “పాతదే. సొట్టలున్నాయి,” అని తక్కెడలో పెట్టాడు. మాస్టారు గోడ వైపు తిరిగి కూర్చున్నారు.

అప్పుడే గుమ్మం ముందు సైకిలు ఆగింది. దిగినాయన పాలడిపో ఆయన. గొడుగు గుర్తు మీద నిలబడి డిపాజిట్ పోగొట్టుకున్న స్వతంత్ర అభ్యర్థి. లోపలికి రావడానికి మొహమాటపడుతూ గుమ్మంలోనే నిలబడ్డాడు.

“మాస్టారూ... నిన్న లాయరమ్మగారిని పరామర్శిద్దామని వెళితే, ఆవిడే మీ దగ్గరికి పొమ్మన్నారు. మీరు మా ఇంటికి రావాలి.”

“ఎందుకండీ?” అంది మాస్టారి భార్య.

ఆయన చెప్పు కొనతో నేల గీశాడు. “మా వీధి పెట్టెలో నాకు రెండు ఓట్లొచ్చాయమ్మా. ఇంట్లో నలుగురం ఉన్నాం. ఒకటి నాది, ఇంకోటి మా ఆవిడది. పిల్లల్ని అడగడానికి మనసు రావట్లేదు. మాది ఇరుకిల్లు, గోడలు పల్చన. కాసేపు ఏడుద్దామంటే మా ఆవిడ విని బెంగపెట్టుకుంటుంది. అది ఒక్కతే కదా నన్ను నమ్ముకుంది.”

మాస్టారి భార్య కళ్ళజోడు సర్దుకుంది. తక్కెడ వైపు ఒకసారి, గుమ్మం వైపు ఒకసారి చూసింది. “మొత్తం ఎంతమంది నిలబడ్డారండీ ఎన్నికల్లో?”

“చాలామందే నిలబడ్డామమ్మా. దువ్వెన గుర్తాయన కూడా మిమ్మల్నే వాకబు చేస్తున్నాడు.”

“గెలిచింది ఒక్కరేగా?”

“ఒక్కరే.”

ఆవిడ ట్రంపెట్‌ని తక్కెడలోంచి తీసి భర్త చేతిలో పెట్టింది. “ఏమండీ, ఇన్నేళ్ళూ ఆ ఒక్కడి కోసం కొట్టుకు చచ్చారు. లెక్క తెలియని మనిషి! లేవండి, కోటు తొడుక్కోండి,” అని ఇత్తడి కొనే ఆయన్ని సాగనంపింది.

పాలడిపో ఆయన ఇల్లు సందు చివర. బృందం గుమ్మం ముందు రెండు వరసల్లో నిలబడింది. పాలడిపో ఆయన అందరికీ దణ్ణం పెట్టి, ముందు గదిలోకి వెళ్ళి తలుపు దగ్గరగా వేసుకున్నాడు. మాస్టారు మొదలుపెట్టారు. ఇరుకు సందు కావడంతో చప్పుడు గోడలకి తగిలి నాలుగింతలైంది.

మొదటి పాట అయ్యేలోగా పెరటి వైపు నుంచి పాలడిపో ఆయన భార్య వచ్చింది. చేతికి పాల తడి ఇంకా ఆరలేదు. మూసిన తలుపు వైపు భయంభయంగా చూసి, మాస్టారి చెవి దగ్గరికి వచ్చింది.

“బాబూ, మా ఆయన అనుకుంటున్న ఆ రెండో ఓటు నాది కాదు. ఎవరు వేశారో ఆ పుణ్యాత్ములు! గెలిస్తే ఇక ఇంటి మొహం చూడడని భయమేసి నేను మిల్లాయనకి వేశాను. నిన్నటి నుంచీ నా కడుపు తరుక్కుపోతోంది. నేను పెరట్లో ఉంటాను. ఆయనకి వినపడకూడదు, ఇంకాస్త గట్టిగా వాయించండి.”

మాస్టారు తలూపారు. ఆవిడ పెరట్లోకి వెళ్ళేదాకా ఆగి, బావమరిదికి సైగ చేసి, ఊపిరి నిండా పీల్చుకుని ట్రంపెట్ ఎత్తారు.